ఎబెనెజర్ చాపెల్‌లో ఒంటివత్తి దీపం

"శనివారం నళిని ఇక్కడికి రానేలేదు. ఈ మాట మీకు చెప్పడం ఇది మూడోసారి," అన్నాడు డాక్టర్ రాఘవులు.

మూడుసార్లూ అవే మాటలు, అదే వరసలో. నిజం చెప్పేవాడు ఒకసారి ముందుది వెనక చెబుతాడు, ఇంకోసారి ఏదో మరిచిపోయి మధ్యలో గుర్తు చేసుకుంటాడు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"మరి ఎవరొచ్చారు?"

"నేనొక్కణ్ణే. పెయింట్ శాంపిల్స్ చూసుకుని నాలుగింటికల్లా ఇంటికి వెళ్ళిపోయాను. కావాలంటే ఉమని అడగండి."

ఉమ అంటే ఆయన భార్య ఉమామహేశ్వరి. కనబడకుండా పోయిన నళినికి సొంత అక్క. సోమవారం పొద్దున ట్రాయ్‌లో ఉన్న మా ఆఫీసుకి వచ్చి, "మా చెల్లెల్ని వెతికిపెట్టండి త్రివేణి గారూ" అని ఏడ్చింది ఆవిడే. ఇవాళ బుధవారం. షెరీఫ్ ఆఫీసు వాళ్ళు అప్పటికే చేతులు దులిపేసుకున్నారు. ఒంటరిగా ఉండే యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కారు ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో దొరికింది, ఎక్కడికో వెళ్ళి ఉంటుంది, ఆవిడ ఇష్టం అన్నారు. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో తగలబడిన ఇళ్ళ బూడిద కెలికి, తర్వాత సొంత లైసెన్స్ తీసుకున్నదాన్ని నేను. ఇష్టపడి వెళ్ళిపోయేవాళ్ళు చాలా తక్కువమందని నాకు తెలుసు.

నళిని పాత కట్టడాల ఆర్కిటెక్ట్. ట్రాయ్‌కి గంట దూరంలో ఉన్న ఈ ఎబెనెజర్ చాపెల్‌ని మన తెలుగువాళ్ళ సంఘం పోయినేడు కొన్నది. సంఘానికి అధ్యక్షుడు, రిటైరైన గుండె డాక్టరు రాఘవులు. ఈ ఉగాదికల్లా దీన్ని తెలుగు భవనంగా మార్చి రిబ్బన్ కత్తిరించాలని ఆయన పంతం. పాత కట్టడం కాబట్టి కౌంటీవాళ్ళు ఒక రిపోర్టు అడిగారు. మరదలే కదా, అనుకూలంగా రాస్తుందని పని నళినికి అప్పగించాడు. మరదలికి తలవంచే అలవాటు లేదన్న సంగతి ఆయనకి ఆలస్యంగా తెలిసినట్టుంది.

"చూశారా ఎంత గొప్ప బిల్డింగో!" అన్నాడు చెయ్యి గాల్లో తిప్పుతూ. "పద్దెనిమిది వందల అరవై ఏడు. వేల్స్ నుంచి వచ్చిన బాప్టిస్టులు కట్టుకున్నారు. రాజుగారి చర్చిలో చేరం పొమ్మని దేశం వదిలేసి వచ్చిన బాపతు."

గొప్పదే. నాకు ఆ మొండి ఘటాలంటే గౌరవం కలిగింది. గోపురం లేదు, శిలువ లేదు, రంగుటద్దాలు లేవు, బొమ్మ అన్నది మచ్చుకి కూడా లేదు. దేవుడికీ తమకీ మధ్య ఏదీ అడ్డం రాకూడదనుకున్నారేమో, కిటికీలకి మామూలు గాజే వేసుకున్నారు. మిగతా చర్చిల్లో పీఠం ఉండే చోట ఇక్కడ బోధకుడు నిలబడే ఎత్తైన చెక్క వేదిక ఉంది. దాన్ని పల్పిట్ అంటారు. దానికి అటొకటి ఇటొకటి చిన్న తలుపులు. ఎదురుగా తలుపులు బిగించిన బెంచీలు. మూడు వైపులా పైన బాల్కనీ, దాని కింద పోత ఇనుప స్తంభాలు.

స్తంభాల లెక్క కుదరలేదు. కుడిచేతి వైపు రెండింటి చోట కొత్త స్టీలు పోస్టులు నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద కొట్టు స్టిక్కరు కూడా పీకలేదు.

"పాతవి ఏమయ్యాయి?"

"స్టేజి కనపడదని జనవరిలో తీయించేశాం. అప్పుడే ఈ పోస్టులు పెట్టాం. ఇంజినీర్ ఓకే అన్నాడు."

"ఏ ఇంజినీర్?"

"మనవాడే."

"సైటుకి వచ్చి చూశాడా?"

"వాట్సాప్‌లో ఫొటోలు పంపాం. చూసి, పర్లేదు బాబాయ్ అన్నాడు."

మనవాడే! ఈ ఒక్క మాట మీద మనవాళ్ళు ఎన్ని కప్పులు నిలబెట్టారో, ఎన్ని కొంపలు కూల్చారో లెక్క రాసేవాడు లేడు. నేను చూపుడువేలితో బెంచీ అంచు రాశాను. గోడలు గీకిన సున్నం దుమ్ము వేలికి దట్టంగా అంటింది. స్టీలు పోస్టు రాశాను. వేలు శుభ్రంగా ఉంది. జనవరి నుంచీ ఉన్న పోస్టు మీద దుమ్ము వాలకపోవడానికి అదేమన్నా మడి కట్టుకుందా? తలెత్తి చూస్తే సరిగ్గా ఆ పోస్టుల పైన బాల్కనీ నేల చెక్కల్లో మూడు, రంగు వేయని కొత్త చెక్కలు.

పల్పిట్ దగ్గరికి నడిచాను. దాని ముందు నేల మీద ఒక నల్ల గ్రానైట్ పలక పడుకోబెట్టి ఉంది. బంగారు రంగు అక్షరాలతో 'డాక్టర్ రాఘవులు తెలుగు భవనం'. ఇంకా బతికున్న మనిషి తన పేరు అంత పెద్దగా చెక్కించుకోవడానికి ఎంత ధైర్యం కావాలో! పలక అంచు కింద నుంచి చెక్క మీద నూనె మరక బయటికి వచ్చి ఉంది.

"నూనె ఏమిటి?"

"దీపం పెట్టాం," అన్నాడు వెంటనే. "పని నిర్విఘ్నంగా సాగాలని. ఆదివారం పొద్దున నేనే పెట్టాను. పల్పిట్ వైపు, తూర్పు ముఖంగా. చర్చిలన్నీ తూర్పుకే కడతారు కదండీ."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అడగని దిక్కు కూడా చెప్పేశాడు.

అప్పటికి పొద్దెక్కి ఎంతోసేపు కాలేదు. పల్పిట్‌కి ఎదురుగా నిలబడ్డ డాక్టరుగారి ఎడమ చెంప మీద ఎండ పడుతోంది. తూర్పు ఆయన ఎడమ చేతి వైపుంది. రాజుగారి చర్చిలు తూర్పు చూస్తాయి. ఈ మొండివాళ్ళు ఆ నియమమూ పాటించలేదు. రోడ్డు ఎటుంటే గుమ్మం అటు పెట్టి, దానికి ఎదురు గోడకి పల్పిట్ కట్టుకున్నారు. ఏడాదిగా ఈ భవనానికి యజమానిలా తిరుగుతున్న పెద్దమనిషికి దీని దిక్కు తెలీదు. పల్పిట్ ఉన్నది దక్షిణాన.

"ఈ రాయి ఎప్పట్నుంచి ఇలా పడుకోబెట్టి ఉంది?"

"వచ్చినప్పట్నుంచీ. నిలబెడితే ఎవరి మీదన్నా పడుతుందని."

ఇంతలో గుమ్మంలో బూట్ల చప్పుడైంది. రుత్విక్ వచ్చాడు. రాఘవులు ముఖం విప్పారింది. "ఇదిగో, మా డిటెక్టివ్ వచ్చాడు. మిగతాది ఇతన్ని అడగండి. నేను పెయింటర్లతో మాట్లాడి వస్తాను," అంటూ బయటికి నడిచాడు.

రుత్విక్ ఈ దేశంలోనే, ప్లేనోలో పుట్టి పెరిగిన కుర్రాడు. మూడేళ్ళు నా దగ్గర పని నేర్చుకుని, వెళ్ళేటప్పుడు నా క్లయింట్లలో సగంమందిని చంకన పెట్టుకుని వెళ్ళాడు. ఇప్పుడు సూటు, వాచీ, ముఖాన ఒక జాలి నవ్వు.

"ఆంటీ, మీరు ఇంకా దీని మీదే వర్క్ చేస్తున్నారా? షీ లెఫ్ట్. కార్ ఎయిర్‌పోర్ట్‌లో ఉంది. ఫోన్ అక్కడే ఆఫ్ అయ్యింది."

"విమానం ఎక్కిందా?"

"అది... ఎయిర్‌లైన్స్ మనకి చెప్పరు కదా."

"అంటే నీకు తెలీదు. ఆ ముక్క చెప్పడానికి సూటెందుకు? డాక్టరుగారు నిన్ను ఎప్పుడు పెట్టుకున్నారు?"

"సండే. నళిని ఆంటీ సండే లంచ్‌కి రాలేదని వాళ్ళు వర్రీ అయ్యారు. ఫస్ట్ ఇక్కడికే తీసుకొచ్చారు, ప్లేస్ ఎంప్టీగా ఉంది అని చూపించడానికి. నేను ఫొటోస్ కూడా తీశాను."

"ఎన్నింటికి?"

ఫోన్ తీసి చూశాడు. "టెన్ థర్టీ."

"భోజనానికి రాలేదని పదిన్నరకే కంగారు పడ్డారా? మీ ఇళ్ళల్లో మధ్యాహ్నం భోజనం ఎన్నింటికి నాయనా?"

జాలి నవ్వు కొంచెం వెలిసింది. వాడు మళ్ళీ టైము చూసుకుంటుండగానే ఫోన్ వాడి చేతిలోంచి లాక్కున్నాను. అడిగితే ఇచ్చేవాడు కాదు.

ఫొటోలో పల్పిట్ ముందు నేల మీద మట్టి ప్రమిద వెలుగుతోంది. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాను.

"ఇదేమిటో తెలుసా?"

"దియా. పూజ చేశారు. మనవాళ్ళు ఎవ్రీవేర్ చేస్తారు కదా ఆంటీ, కొత్త కార్‌కి కూడా."

"సరిగ్గా చూడు. ఒక్కటే వత్తి. పూజకి రెండు వత్తులు కలిపి వేస్తారు. నిష్ఠ లేనివాళ్ళు కూడా ఒంటివత్తి వెయ్యరు, తల్లి చూస్తే వీపు విమానం మోత మోగిస్తుంది. ఒంటివత్తి దీపం మనిషి పోతే పెడతారు. ప్రాణం పోయిన చోట, దక్షిణం వైపు తిప్పి, పదిరోజులూ ఆరకుండా చూస్తారు. యముడి దిక్కు అది."

"మే బీ సెకండ్ వత్తి పడిపోయిందేమో."

"వత్తి పడిపోయిందే అనుకుందాం. దిక్కు కూడా పడిపోతుందా? డాక్టరుగారు తూర్పుకి పెట్టానంటున్నారు. ఎండ చూడు. ఇది దక్షిణం. ఆ దీపం ఆయన పెట్టలేదు. నిన్ను తీసుకొచ్చినప్పుడు ఆయన దాన్ని చూసి ఉలిక్కిపడ్డాడా లేదా?"

రుత్విక్ ఫొటో వైపు మళ్ళీ వంగి చూశాడు. "ఒక సెకండ్ ఆగారు. తర్వాత, నేనే పెట్టాను అన్నారు," అన్నాడు మెల్లగా.

"ఇంకోటి కూడా చూడు. నీ ఫొటోలో దీపం వెనకాల ఈ గ్రానైట్ రాయి ఎలా ఉంది?"

వాడు ఫోన్ తీసుకుని చూశాడు, నేల చూశాడు. ఫొటోలో రాయి పల్పిట్‌కి ఆనించి నిలబెట్టి ఉంది. ఇప్పుడు దీపం వెలిగిన చోటే, నూనె మరక మీద, వెల్లకిలా పడుకుంది.

"బట్ హీ సెడ్... వచ్చినప్పట్నుంచీ ఇలాగే ఉందన్నారు నాతో."

"నాతోనూ అన్నాడు."

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. చాపెల్ నేల చెక్కలన్నీ గుమ్మం నుంచి పల్పిట్ వైపు పొడుగ్గా పరిచి ఉన్నాయి. రాయి కిందా, దాని చుట్టూ మాత్రం ఒక గది గుమ్మమంత మేర చెక్కలు అడ్డంగా ఉన్నాయి. మేకులు లేవు. చెక్కల చివర నేలకి సమంగా పొదిగిన ఇత్తడి రింగులున్నాయి. పల్పిట్‌కి అటూ ఇటూ ఉన్న ఆ చిన్న తలుపులు ఎందుకో అప్పుడు అర్థమైంది. తడిబట్టలు మార్చుకునే గదులవి. ఒకటి మగవాళ్ళకి, ఒకటి ఆడవాళ్ళకి.

నేను పెరిగింది ఒంగోల్లో. మా వెనక వీధిలో బాప్టిస్టుల గుడి. చిన్నప్పుడు గోడెక్కి చూసేవాళ్ళం. ఆదివారం పల్పిట్ ముందు చెక్కలు లేపేవారు. కింద తొట్టి. తెల్లబట్టలు కట్టుకున్న మనిషి మెట్లు దిగి, నడుం లోతు నీళ్ళలో మునిగి లేచేవాడు. బాప్టిస్టులు నీళ్ళు చిలకరించి ఊరుకోరు, మనిషిని నిలువునా ముంచుతారు. అందుకే వాళ్ళ గుళ్ళలో బాప్తిస్మపు తొట్టి ఉంటుంది. మిగతా రోజుల్లో దాన్ని చెక్కలతో మూసేసి, మీద నడుస్తూ పోతారు.

"రుత్విక్, ఆ మూలనున్న ఇనుప కడ్డీ తీసుకురా."

"ఆంటీ, ఆయన నా క్లయింట్."

"నీ క్లయింట్ సంగతి తర్వాత. ముందు రాయి లేపు."

తెచ్చాడు. ఆ ఒక్కదానికి వాణ్ణి క్షమించాను. ఇద్దరం కడ్డీ దూర్చి రాయిని ఒక పక్కకి జరిపాం. రింగులు పట్టుకుని మొదటి రెండు చెక్కలు లేపాం.

ఇటుకలతో కట్టి సున్నం పూసిన తొట్టి. నాలుగు మెట్లు. మార్చి చలి, పైగా హీటింగ్ కూడా లేదు, అందుకే నాలుగు రోజులైనా వాసన బయటికి రాలేదు. అడుగున ఒక దుప్పటి, పక్కన చేతిసంచీ. ఎవరో ఆవిణ్ణి అక్కడ పడుకోబెట్టారు. నళిని మాత్రం అక్కడ లేదు. పై మెట్టు మీద ఉంది. కాలు విరిగి పక్కకి తిరిగిపోయి ఉంది. ఆ కాలుతోనే నాలుగు మెట్లు ఎక్కి, తల చెక్కలకి ఆనించి కూర్చుని ఉంది. మేము లేపిన చెక్కని రుత్విక్ తిరగేశాడు. లోపలి వైపు గీతలు. ఆవిడ వేళ్ళ చివర సున్నం, చెక్క పేళ్ళు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, కళ్ళు చీకట్లు కమ్మేంత కోపం. ఈ తొట్టిలోకి దిగినవాళ్ళంతా మళ్ళీ పుట్టామని నమ్మి పైకి లేచిన చోట, ఒక మనిషిని పైకి లేవకుండా మూసేశారు.

"ఆదివారం నేను... ఇక్కడే నిలబడి ఫొటో..." రుత్విక్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. కాసేపటికి వాడు ఫోన్‌లో పోలీసులకి అడ్రసు చెప్పడం వినిపించింది.

నేను కోటు విప్పి నళిని మీద కప్పాను. అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. చేతిలో టిఫిన్ క్యారియర్‌తో ఉమామహేశ్వరి నిలబడి ఉంది. లేపిన చెక్కలు చూసి అక్కడే ఆగిపోయింది. నేను ఎదురెళ్ళి, తొట్టి కనపడకుండా వెనక బెంచీలో కూర్చోబెట్టాను. ఆవిడ ఏమైందని అడగలేదు. ఎవరని కూడా అడగలేదు.

"దీపం మీరే పెట్టారు కదూ ఉమగారూ?"

తల ఊపింది.

"ఎలా జరిగింది?"

"స్తంభాలు తీయించేశారని బావగారిని నిలదీయడానికి వచ్చింది శనివారం. ఇది కూలిపోతుంది, కౌంటీకి రాస్తాను అంది. నేనూ ఇక్కడే ఉన్నాను. చూడండి ఎలా ఊగుతోందో అని పైకెక్కి చూపించింది. చెక్కలు విరిగి పడింది." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన నాడి చూశారు. పోయింది ఉమా అన్నారు."

"911కి ఎందుకు చేయలేదు?"

"చేస్తానన్నాను. పోయినదాన్ని ఎలాగూ తేలేం, ఉన్నవాణ్ణి జైలుకి పంపుతావా అన్నారు. ఉగాది అయిపోనీ, అన్నీ పద్ధతిగా చేద్దాం అన్నారు. ఈ తొట్టి మాకు చూపించింది నళినే. మొదటిరోజు ఎంత సంబరంగా చూపించిందో! దాని కారు ఆయన నడిపారు, వెనకాల మా కారు నేను నడిపాను."

"ఇంత జరిగాక నా దగ్గరికి ఎందుకొచ్చారు?"

"దానికి కర్మ జరగాలి కదండీ. నా నోటితో ఆయన పేరు చెప్పలేను. మీరే కనిపెడితే, నేను చెప్పినట్టు కాదు కదా అని..."

చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఆ ముఖం చూస్తే చెయ్యి లేవలేదు. చెల్లెలికీ మొగుడికీ మధ్య ఒంటివత్తి దీపం పెట్టి, న్యాయం చేశాననుకున్న మనిషి. ఈ కేసులో నా దగ్గర ఇంకొక్క ప్రశ్నే మిగిలింది. ఇది ప్రమాదాన్ని దాచడమా, హత్యా అని తేల్చే ప్రశ్న అది. దాన్ని ఈవిడనే అడగాల్సి రావడం నా ఖర్మ.

"ఆ రాయి ఎవరు పడుకోబెట్టారు?"

"మేమిద్దరమే. ఆదివారం సాయంత్రం. మళ్ళీ నూనె పోద్దామని వచ్చాను, ఆయన కూడా వెంట వచ్చారు. నేను దీపం దగ్గర కూర్చుంటే కింద ఏదో చప్పుడైంది. గీరుతున్నట్టు. ఏమండీ, చప్పుడవుతోంది అన్నాను. ఆయన కూడా వంగి విన్నారు. చాలాసేపు విన్నారు. పాత బిల్డింగ్ కదా, ఎలకలు, బరువు పెట్టకపోతే శవాన్ని ముట్టుకుంటాయి అన్నారు. దీపం పక్కకి తీసేసి, ఇద్దరం కలిసి రాయి..."

ఆగిపోయింది. నలభై ఏళ్ళు గుండెలు విన్న డాక్టరు నాడి చూడటంలో పొరబడ్డాడనుకుందాం, పడి ఉన్న మనిషి, కంగారు. రెండోసారి వంగి, చాలాసేపు విన్నప్పుడు కూడా పొరబడ్డాడా?

ఉమామహేశ్వరి తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది, రాయి దించిన చేతులు. తర్వాత బెంచీలోంచి సగం లేచి తొట్టి వైపు, నా కోటు కనిపిస్తున్న వైపు చూసింది. కోటు అడుగున కాక పై మెట్టు మీద ఎందుకుందో ఆవిడకి అర్థం కావడం నేను కళ్ళారా చూశాను.

గుమ్మంలో రాఘవులు కనిపించాడు. దూరంగా సైరన్ వినిపిస్తోంది.

"ఉమా, నువ్వొక్క మాట కూడా మాట్లాడకు. లాయర్‌కి ఫోన్ చేశాను," అన్నాడు.

ఆవిడ లేచి నిలబడింది. టిఫిన్ క్యారియర్ బెంచీ మీంచి జారి దొర్లిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మాటకి ఎదురు చెప్పని మనిషి, గొంతు కూడా పెంచకుండా అడిగింది.

"ఎలకలన్నారు కదండీ మీరు?"